ఎదురింటి టులెట్ బోర్డు

2024 వేసవిలో నేనొక మనిషికి మూడు వేల రూపాయలు ఎగ్గొట్టాను. అప్పట్లో దాన్ని ఎగ్గొట్టడం అనుకోలేదు లెండి. పని చెడగొట్టినందుకు కోత పెట్టా అనుకున్నా. ఇవ్వాల్సిన ఆరు వేలూ ఆపెయ్యకుండా సగమే ఆపినందుకు నా పెద్ద మనసుకి నేనే మురిసిపోయా కూడా. తర్వాత తెలిసొచ్చిందేమిటంటే, తప్పు ఆయనది కాదు, నాది. ఎంత తప్పో కూడా లెక్కగట్టా. ఒక మిల్లీమీటర్లో పదో వంతు.

ఈ టపా దాని గురించే. మధ్యలో కాస్త లెన్సుల గొడవ వస్తుంది, కాసిని లెక్కలొస్తాయి. ఇంజనీరింగ్ చదివిన ప్రాణాలే కదా, తట్టుకుంటారు.

మా ఫ్లోర్లో రాయి విసిరితే ఎవరో ఒక డెవలపరుకి తగులుతుంది, ఆ డెవలపరు బ్యాగులో ఒక షార్ట్ ఫిల్ము స్క్రిప్టుంటుంది. నా బ్యాగులోనూ ఉండేది. పన్నెండు నిమిషాల కథ. కొడుకు అమెరికాలో, తల్లి ఇక్కడ ఒంటరిగా. (నవ్వకండి. మొదటి షార్ట్ ఫిల్ము అందరిదీ అదే.) ఆ ఏడాది వచ్చిన బోనస్సే బడ్జెట్టు. మల్కాజిగిరిలో మా పెద్దమ్మ వాళ్ళ పాత ఇల్లు లొకేషను. ఎర్ర గచ్చు, మధ్యలో హాలు, హాల్లోంచి తిన్నగా వీధిలోకి తెరుచుకునే తలుపు. అద్దె లేదు. పైగా అందరికీ ఉప్మా, టీ, మధ్యాహ్నం పప్పన్నం పెద్దమ్మే చూసుకుంది. ఒక శనివారం, ఒక ఆదివారం. సోమవారం పొద్దున పదింటికి స్టాండప్ కాల్లో నేనుండాలి. అదీ ప్లాను.

కెమెరామ్యాన్ నా బీటెక్ క్లాస్‌మేటు. ఉద్యోగం మానేసి పెళ్ళిళ్ళు, చిన్నా చితకా యాడ్లు తీస్తుంటాడు. వాడి దగ్గర సోనీ మిర్రర్‌లెస్ కెమెరా ఉంది. లెన్సు మాత్రం నిజమైన సినిమా జూమ్ అద్దెకి తెచ్చాం. 18 నుంచి 55 మిల్లీమీటర్లు, టి 2.8. అంత బరువైన లెన్సుకి ఫోకస్ పట్టడానికి విడిగా ఒక మనిషి కావాలన్నాడు మావాడు. అలా వచ్చాడు ఫోకస్ పుల్లర్. కృష్ణానగర్లో ఉంటాడు, నలభై దాటాయి, ఫిల్ము రీళ్ళ రోజుల నుంచీ ఈ పనిలోనే ఉన్నాడు. పేరు ఇక్కడ రాయను. సెట్లో అందరం అన్నా అనే పిలిచాం, ఆయన మాత్రం నన్ను సార్ అనేవాడు.

ఫోకస్ పుల్లర్ పనేమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. కెమెరా నుంచి నటి మొహం దాకా టేపు పెట్టి కొలుస్తాడు. లెన్సు మీద అడుగుల గుర్తులుంటాయి. నటి పదడుగుల దగ్గర నుంచి ఆరడుగుల దగ్గరకి నడిస్తే, అదే వేగంతో ఈయన రింగుని పది నుంచి ఆరుకి తిప్పాలి. షాటంతా బాగుంటే ఆయన ఉన్నాడన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. ఒక్క సెకను మసకబారితే మాత్రం థియేటరంతా పట్టేస్తుంది. మన ప్రొడక్షన్ సపోర్టు వాళ్ళ బతుకే, కాకపోతే ఎండలో.

ఇక అడాప్టరు. సినిమా లెన్సు వెనకాల ఉండే బిగింపుని పీఎల్ మౌంట్ అంటారు. దాన్ని సోనీ కెమెరాకి తగిలించాలంటే మధ్యలో ఒక లోహపు ఉంగరం కావాలి. లెన్సు అద్దెకిచ్చిన షాపువాళ్ళు, అడాప్టర్ కూడా మాదే తీసుకోండి, రోజుకింత అన్నారు. నేను వద్దన్నా. ఆన్‌లైన్లో చవగ్గా దొరికితే అప్పటికే కొని పెట్టుకున్నా మరి. రెండు రోజుల అద్దె డబ్బులకి అడాప్టరు శాశ్వతంగా మనదవుతుంది కదా! కాస్ట్ ఆప్టిమైజేషను అంటే ఇదీ అని మావాడికి క్లాసు కూడా పీకా.

శనివారం పొద్దున ఆరున్నరకి లెన్సు బిగించారు. ఫోకస్ అన్న ఏదో కొలిచాడు, తిప్పాడు, మళ్ళీ కొలిచాడు. నా దగ్గరకొచ్చి, "సార్, టేపు పదడుగులంటోంది, లెన్సు తొమ్మిది దగ్గర షార్పవుతోంది. బ్యాక్ ఫోకస్ తేడా ఉన్నట్టుంది. పది నిమిషాలిస్తే ఒకసారి చూస్తా" అన్నాడు.

నేను వాచీ చూసుకున్నా. కిటికీలోంచి ఎండ సరిగ్గా నేననుకున్న చోట పడుతోంది. ఇంకో అరగంటలో జరిగిపోతుంది. "కంటితో చూసి పట్టెయ్ అన్నా, మానిటరుంది కదా. ఇప్పుడు టైము లేదు" అన్నా. "సరే సార్" అని వెళ్ళిపోయాడు.

ఈ సంభాషణ గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

రెండు రోజులూ బానే గడిచాయి. ఆదివారం సాయంత్రం ఆఖరి షాటు. సినిమా మొత్తం నేను దాని కోసమే రాసుకున్నా. ఫోన్ పెట్టేసిన తల్లి మొహం మీద క్లోజప్. అక్కడి నుంచి మెల్లగా, నలభై సెకన్ల పాటు, జూమ్ వెనక్కి వస్తుంది. మొహం, కుర్చీ, ఖాళీ హాలు, తెరిచున్న తలుపు, బయట వీధి. ఆవిడ హాలు మధ్యలో చిన్నదైపోతుంది. స్టాన్లీ కూబ్రిక్ 1975లో తీసిన బారీ లిండన్‌లో ఇలాంటి షాట్లు చాలా ఉంటాయి. దగ్గరగా ఒక మనిషితో మొదలై నింపాదిగా వెనక్కి వచ్చి పెద్ద పెయింటింగులా ఆగుతాయి. మన పాత సినిమాల్లో జూమ్ అంటే పిడుగులాంటి వార్త వినగానే హీరో మొహం మీదకి మూడుసార్లు దూకడమే కాబట్టి, నేను జూమ్‌కి న్యాయం చేద్దామనుకున్నా అన్నమాట. టేక్ మూడు ఓకే అయింది. చేతిలో ఉన్న ఏడంగుళాల మానిటర్లో అద్భుతంగా ఉంది. ఆవిడ చాలా బాగా చేసింది. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది కూడా.

అదే షాటు రాత్రి మావాడింట్లో 27 అంగుళాల మానిటర్ మీద చూశాం. మొదట్లో మొహం బ్రహ్మాండంగా ఉంది, ఒక్కో వెంట్రుకా కనబడుతోంది. జూమ్ వెనక్కొచ్చే కొద్దీ మొహం మీద పల్చటి పొర కమ్ముకుంటోంది. చివరికి ఆవిడ హాలు మధ్యలో ఒక మెత్తటి బొమ్మలా మిగిలింది. మిగతా వైడ్ షాట్లు కూడా తీసి చూశాం. ఇంట్లో తీసినవన్నీ అంతే. బయట ఎండలో తీసినవి మాత్రం బానే ఉన్నాయి.

ఆ బయటి షాట్లే నా దృష్టిలో సాక్ష్యం. లెన్సుదే తప్పయితే బయటవి కూడా పోవాలిగా? బయట బాగున్నాయి, లోపల పోయాయి, అంటే లోపల ఈయన సరిగ్గా పట్టలేదు. కేసు క్లోజ్డ్. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ఆ పెద్దమనిషిని చెడామడా కడిగేశా. నా బోనస్సు, నా ఆఖరి షాటు, ఇరవయ్యేళ్ళ అనుభవం అన్నారు ఇదేనా, అన్నీ అనేశా. సగం డబ్బులే పంపిస్తా అన్నా. అటువైపు కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత "సరే సార్" అన్నాడు. శనివారం పొద్దున అన్న మాటే, అదే గొంతుతో. మావాడికి కూడా చెప్పా, ఇంకెప్పుడూ ఆయన్ని పెట్టుకోకు మామా అని.

సినిమాని అలాగే పక్కన పడేశా. ఆగస్టులో ఒక ఆదివారం పెద్దమ్మ పట్టుబట్టింది, మా ఇల్లు సినిమాలో ఎలా పడిందో చూపించరా అని. పెన్‌డ్రైవులో పట్టుకెళ్ళి వాళ్ళ టీవీకి పెట్టా. ఆఖరి షాటొచ్చింది. నేను తల పక్కకి తిప్పుకున్నా. పెద్దమ్మ మాత్రం ముందుకి వంగి చూస్తోంది.

"ఎదురింటి వాళ్ళ టులెట్ బోర్డు ఎంత బాగా పడిందిరా! నెంబరు కూడా చదవచ్చు" అంది.

చూశా. నిజమే. తెరిచున్న తలుపులోంచి, వీధి అవతల, గేటుకి వేలాడదీసిన టులెట్ బోర్డు. పది అంకెలూ అచ్చు గుద్దినట్టున్నాయి. అన్నిసార్లు చూశాను, ఒక్కసారీ బోర్డు వంక చూడలేదు. మొహం మసకగా ఉందనే చూశాను తప్ప మరి షార్పుగా ఉన్నదేదీ అని వెతకలేదు. మిగతా వైడ్ షాట్లు పెట్టి చూశా. ప్రతిదాంట్లోనూ అంతే. కిటికీ అవతల వేపచెట్టు బావుంది, కిటికీ ఇవతల మనిషి బాలేదు. ఒక్క షాట్లో కూడా ఫోకస్ మనిషికి ముందు పడలేదు. అన్నింట్లోనూ వెనకే.

అక్కడ నాకు ఒళ్ళు చల్లబడింది. చేతి పొరపాటు అలా ఉండదు కదండీ. మనిషి తడబడితే ఒకసారి ముందు పడుతుంది, ఒకసారి వెనక పడుతుంది. ముప్ఫై షాట్లూ ఒకే వైపు ఒరిగాయంటే అది చేతి వణుకు కాదు, ఎక్కడో ఒక స్థిరాంకం తప్పుంది. ఇదే ఏ సర్వర్ లాగ్‌లోనో కనబడితే రెండు నిమిషాల్లో పట్టేసేవాణ్ణి. టైమ్‌స్టాంపులన్నీ సరిగ్గా అయిదున్నర గంటలు వెనకబడితే యూజర్ని తిడతామా, టైమ్‌జోను చూసుకుంటామా?

ఆ రాత్రి కాయితం పెన్ను పట్టుకుని కూర్చున్నా. ఇక్కడ కొంచెం లెన్సు పాఠం.

మామూలు ఫోటోల జూమ్ లెన్సుల్లో చాలావాటికి జూమ్ తిప్పితే ఫోకస్ కూడా కాస్త జారుతుంది. ఫోటోకి నష్టం లేదు, ఆటోఫోకస్ మళ్ళీ పట్టుకుంటుంది. సినిమా జూమ్ అలా కాదు. 55 దగ్గర ఫోకస్ పెట్టి 18కి వచ్చినా ఫోకస్ అక్కడే నిలబడాలి. ఈ గుణాన్ని పార్‌ఫోకల్ అంటారు. ఆ లెన్సులు అంత బరువు, అంత ఖరీదు ఉండటానికి ఇదో కారణం. అయితే దీనికో షరతుంది. లెన్సు వెనక అంచు నుంచి సెన్సారు దాకా దూరం దాన్ని తయారు చేసినప్పుడు అనుకున్న దూరమే ఉండాలి. పీఎల్ మౌంటుకి ఆ దూరం 52 మిల్లీమీటర్లు. సోనీ ఈ మౌంటుకి 18. అంటే మధ్యలో పెట్టే అడాప్టరు మందం కచ్చితంగా 34 ఉండాలి. బ్యాక్ ఫోకస్ సర్దడమంటే ఈ వెనక దూరాన్ని సర్దడమే. ముందు రింగు తిప్పి మొహానికి ఫోకస్ చెయ్యడం వేరు, ఇది వేరు.

వెనక దూరం తప్పితే ఏమవుతుంది? సూత్రం ఇంటర్ ఫిజిక్సే. దూరంగా ఉన్న వస్తువుతో పోలిస్తే దగ్గరి వస్తువు బొమ్మ లెన్సు వెనక కొంచెం దూరంగా పడుతుంది. ఎంత దూరంగా అంటే, ఉజ్జాయింపుగా ఫోకల్ లెంగ్తు వర్గాన్ని వస్తువు దూరంతో భాగిస్తే వచ్చినంత. 55 దగ్గర పదడుగుల వస్తువుకి అది 0.99 మిల్లీమీటర్లు. తొమ్మిదడుగులకి 1.10. తేడా 0.11. ఎందుకు ఆ రెండు అంకెలే తీసుకున్నానో గుర్తొచ్చిందా? "టేపు పదడుగులంటోంది, లెన్సు తొమ్మిది దగ్గర షార్పవుతోంది." శనివారం పొద్దున ఆరున్నరకి ఆయన నాకు బగ్ రిపోర్టిచ్చాడు. రిపోర్టేమిటి, జవాబే అంకెల్లో పెట్టి చేతికిచ్చాడు. నా అడాప్టరు దాదాపు పదో వంతు మిల్లీమీటరు పలచగా ఉందని దానర్థం. నేను చూడకుండానే టికెట్ మూసేశా.

మరి 55 దగ్గర మొహం షార్పుగా ఎందుకుంది, 18కి వచ్చేసరికి ఎందుకు పోయింది? ఆయన కంటితో చూసి ముందు రింగుని తొమ్మిదికి తిప్పి 55 దగ్గర తప్పుని కప్పేశాడు. నేను చెయ్యమన్నది అదే. కానీ ముందు రింగు చేసే సాయం ఫోకల్ లెంగ్తు వర్గాన్ని బట్టి ఉంటుంది. 55కీ 18కీ మధ్య ఆ నిష్పత్తి 9.3. అంటే 55 దగ్గర 0.1 మిల్లీమీటరు తప్పుని కప్పిన సాయం 18 దగ్గరకొచ్చేసరికి 0.01 మాత్రమే. వెనక దూరంలో తప్పు మాత్రం ఎక్కడైనా 0.1 గానే ఉంటుంది. మిగిలిన 0.09 బొమ్మలో పడింది. టి 2.8 దగ్గర అది సెన్సారు మీద 0.03 మిల్లీమీటర్ల చుక్కవుతుంది, 4కె బొమ్మలో దాదాపు అయిదు పిక్సెళ్ళు. ఏడంగుళాల మానిటర్లో ఎవడికి కనబడుతుంది? బయట ఎండలో టి 11 దగ్గర తీశాం కాబట్టి అదే తప్పు ఒకటిన్నర పిక్సెలు దాటలేదు. నా గొప్ప సాక్ష్యం కథ అదీ. ఎండ తప్పుని దాచిపెట్టింది, అంతే.

ఆఖరి లెక్క. రింగు తొమ్మిది దగ్గరుంచి, అడాప్టరు 0.1 తక్కువుంటే, 18 దగ్గర ఫోకస్ ఎక్కడ పడాలి? అరవై అడుగుల దగ్గర అని వచ్చింది. మర్నాడు ఆఫీసుకి వెళ్తూ మల్కాజిగిరి మీదుగా వెళ్ళి (అది దారి కాదని మీకూ తెలుసు), కెమెరా పెట్టిన చోటి నుంచి టులెట్ బోర్డు దాకా టేపు పట్టా. అరవై రెండు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, ఇల్లు మారుతున్నావా ఏంట్రా అంది.

ఆ శనివారం లెన్సు అద్దెకి తెచ్చిన షాపుకే అడాప్టరు పట్టుకుని వెళ్ళా. అక్కడొక టెక్నీషియన్ మైక్రోమీటరుతో నాలుగు చోట్ల కొలిచి 33.90 అన్నాడు. ఆశ్చర్యం కూడా పోలేదు. చవక అడాప్టర్లు చాలావరకూ రవ్వంత పలచగానే చేస్తారట. మందం ఎక్కువైతే దూరంగా ఉన్నవి ఎంత తిప్పినా ఫోకస్ కావు, కొన్నవాడు వెనక్కి పంపేస్తాడు. పలచనైతే ఫోటోలవాడికి తెలియదు, వాడు కంటితోనో ఆటోఫోకస్‌తోనో పట్టేస్తాడు. గుర్తులు నమ్ముకుని పనిచేసేవాడికీ, జూమ్ నమ్ముకున్నవాడికీ మాత్రమే అది తగులుతుంది.

సర్దడం ఎలాగో చూపించమని బతిమాలా. షాపులో కాలిమేటర్ అనే యంత్రం ఉంది, దాంతో అయితే నిమిషాల పని. కానీ లొకేషన్లో చేసే పద్ధతి చూపిస్తా అని గోడకి ఒక చార్టు అంటించాడు. సీమెన్స్ స్టార్ అంటారు, నలుపూ తెలుపూ ఆకులతో రథచక్రంలా ఉంటుంది. ఫోకస్ తప్పితే ముందు చక్రం మధ్యలో ఆకులు కలిసిపోయి బూడిదరంగు మచ్చ వస్తుంది. మచ్చ ఎంత చిన్నదైతే ఫోకస్ అంత బాగున్నట్టు.

మొదట ఐరిస్ పూర్తిగా తెరిచాడు. లేకపోతే నా ఎండ సాక్ష్యంలా తప్పు దాక్కుంటుంది. తర్వాత జూమ్ మొత్తం లోపలికి, 55కి. ముందు రింగు తిప్పి మచ్చని వీలైనంత చిన్నది చేశాడు, అడుగుల గుర్తుల వంక చూడకుండా. తర్వాత జూమ్ మొత్తం వెనక్కి, 18కి. ఇప్పుడు ముందు రింగు ముట్టుకోకూడదు. వెనక దూరమే మార్చాలి. టీవీ కెమెరాల లెన్సులకీ కొన్ని సినిమా జూమ్‌లకీ దీనికోసం వెనకాలే ఒక రింగు, దాన్ని బిగించే స్క్రూ ఉంటాయి. ఈ లెన్సుకి అది లేదు. కాబట్టి అడాప్టరు స్క్రూలు విప్పి మధ్యలో షిమ్ పెట్టాలి. షిమ్ అంటే ఉల్లిపొర లాంటి లోహపు చుట్టు. వాటికో చిన్న డబ్బా ఉంది, ఒక్కో మందానికి ఒక్కో పొట్లం. పెట్టాడు, బిగించాడు, చూశాడు. మళ్ళీ 55కి వెళ్ళి ముందు రింగు. మళ్ళీ 18కి వచ్చి వెనక. సైకిలు షాపులో చక్రం బెండు తీసేవాణ్ణి చూశారా? ఈ పక్క ఒక పుల్ల బిగిస్తాడు, తిప్పి చూస్తాడు, ఆ పక్క ఒక పుల్ల వదులు చేస్తాడు. అచ్చం అలాగే.

"లోపల ముందు రింగు, వెనక్కొచ్చాక వెనక రింగు. తారుమారు చేశారో, జన్మలో కలవవు" అన్నాడు. ఎందుకని అడిగితే అనుభవం సార్ అన్నాడు. ఇంటికొచ్చి లెక్క వేస్తే అక్షరాలా నిజం. సరైన వరసలో చేస్తే ప్రతి రౌండుకీ తప్పు తొమ్మిదో వంతుకి పడిపోతుంది. 0.1 నుంచి 0.01, అక్కడి నుంచి 0.001. రెండు మూడు రౌండ్లలో అయిపోతుంది. తారుమారు చేస్తే ప్రతి రౌండుకీ తొమ్మిది రెట్లు పెరుగుతుంది. అదే కోడు, రెండు లైన్లు అటూ ఇటూ అయ్యాయంతే, ఒకటి కన్వర్జ్, ఒకటి డైవర్జ్. చివర్లో టేపు పెట్టి చూశాడు. టేపు పదడుగులు, లెన్సు పదడుగులు. మొత్తం పని, టీ తాగడంతో కలిపి, పాతిక నిమిషాలు. ముందే డబ్బాలో షిమ్‌లుంటే నిజంగానే పది నిమిషాలు.

మిగిలింది అసలు పని. దానికి నేను ఇంకో పది రోజులు తీసుకున్నా. లెక్క ఒక్క రాత్రిలో తేల్చినవాణ్ణి, ఒక్క ఫోన్ చెయ్యడానికి పది రోజులు. చివరికి ఫోన్ కాదులే అని ఒక పొద్దున కృష్ణానగర్ వెళ్ళా. షూటింగుల వ్యాన్లెక్కేవాళ్ళతో ఆ టైములో రోడ్డంతా సందడిగా ఉంటుంది. టీ కొట్టు దగ్గర దొరికాడు. నన్ను చూసి "రండి సార్" అన్నాడు మామూలుగానే.

మొత్తం చెప్పా. 33.90 అనీ, తప్పు నా అడాప్టరుదనీ, ఆ రోజు అన్న మాటలకి క్షమించమనీ. మూడు వేలు ఇచ్చా. మొహమాటపడతాడనుకున్నా, పడలేదు. లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు. అది నాకు నచ్చింది. ఆయన డబ్బులవి.

"అన్నా, ఆ రోజు ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉండాల్సింది" అన్నా. అనకుండా ఉండాల్సిన మాట.

ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "ఒకసారి చెప్తాం సార్. రెండోసారి చెప్తే వీడికి నోరెక్కువంటారు" అన్నాడు. కాసేపాగి, "మీ ఫ్రెండు తర్వాత పిలవలేదు సార్. మూడు నెలలైంది. అంతకు ముందు నెలకి రెండు మూడన్నా వచ్చేవి" అన్నాడు. ఫిర్యాదులా అనలేదు, టేపు పదడుగులంటోంది అన్నట్టే అన్నాడు.

ఆ లెక్క మాత్రం నాకు రాలేదు. నెలకి రెండో మూడో, రోజుకి మూడు వేల చొప్పున, మూడు నెలలు. అది మూడు వేలతో తీరేది కాదు, దానికి షిమ్ ఉండదు. అక్కడి నుంచే మావాడికి ఫోన్ చేసి జరిగింది చెప్పా. వాడు అయ్యో అన్నాడు, నిజంగానే బాధపడ్డాడు. కానీ ఈలోపు ఇంకో కుర్రాడు కుదిరిపోయాడట, వాణ్ణి ఉన్నపళంగా ఎలా తీసేస్తాం మామా అన్నాడు. అదీ నిజమే. తర్వాత మళ్ళీ పిలవడం మొదలెట్టాడు గానీ మునుపటంత కాదు.

నీతి చెప్పే అర్హత నాకు లేదు. ఆఫీసులో మాత్రం ఒకటి అలవాటైంది. ఎవరి పనిలోనన్నా తప్పులు వరసగా కనబడితే అవి చెల్లాచెదురుగా ఉన్నాయా, ఒకే వైపు ఒరిగాయా అని ముందు చూస్తున్నా. ఒకే వైపు ఒరిగితే మనిషిని కదిలించే ముందు కింద ఏం పరిచి ఇచ్చామో చూసుకుంటున్నా. మసకగా ఉన్నదేదో వెతకడంతో పాటు షార్పుగా ఉన్నదేదో కూడా వెతుకుతున్నా. పది నిమిషాలు అడిగినవాడికి ఇస్తున్నా, చాలాసార్లు.

డిసెంబర్లో ఆ ఒక్క షాటూ మళ్ళీ తీశాం. నటి ఒప్పుకుంది, ఫోకస్ అన్న వచ్చాడు, ఈసారి డబ్బులు ముందే ఇచ్చా. పొద్దున్నే పెద్దమ్మ హాల్లో గోడకి రథచక్రం అంటించాడు. ఇదేం చక్రంరా, కొత్త యంత్రమా అని అడిగిందావిడ. షాటు ఒకటో టేకుకే వచ్చింది. మొహం నుంచి ఖాళీ హాలు దాకా, నలభై సెకన్లూ, ఆవిడ కళ్ళు ఎక్కడా చెదరలేదు.

పెద్దమ్మకి చూపించా. అప్పటికి ఎదురింట్లో ఎవరో దిగారు, ఇంకో వాటా ఖాళీ ఉందని బోర్డు మాత్రం అలాగే వేలాడుతోంది. ఇప్పుడు ఫోకస్ మనిషి మీదుంది కాబట్టి బోర్డు లెక్కప్రకారం మసగ్గా పడింది. చూసి పెదవి విరిచింది.

"పాతదే బాగుందిరా. దాంట్లో నెంబరు కనబడేది" అంది.